స్టాక్‌హోమ్‌లో అమ్మానాన్నలతో ఐదు రోజులు: బయట ఎక్కడ తినాలి?

తెనాలి_మ్యూనిక్ · 8 సెప్టెంబర్ 2025

అందరికీ నమస్కారం. నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి నెలైంది. సెప్టెంబర్ 30 మంగళవారం మధ్యాహ్నానికి స్టాక్‌హోమ్ చేరతాం, అక్టోబర్ 5 ఆదివారం పొద్దున తిరుగు విమానం. మ్యూజియంలు, పడవలు, పాత ఊరు అన్నీ చూసుకున్నాను. తిండి దగ్గరే టెన్షన్.

అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. పైగా ఈసారి దసరా గురువారం, అంటే అక్టోబర్ 2న, మేం అక్కడే ఉంటాం. ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. నాన్న చేప, కోడి ఇష్టంగా తింటారు. గొడ్డుమాంసం, పందిమాంసం తినరు. రిటైరైన ఫిజిక్స్ మాస్టారు, కొత్త రుచులంటే ఆసక్తి ఎక్కువ.

ఇంతగా ఎందుకు అడుగుతున్నానంటే, పోయిన నెల ఇంకో ఊళ్ళో కూరగాయల సూప్ అని చెప్పి ఇచ్చిన గిన్నెలో మాంసం ముక్కలు కనబడ్డాయి. అమ్మ ఏమీ అనలేదు. స్పూను పక్కన పెట్టేసింది. తర్వాత రెండు రోజులు రూములో అటుకులు, పెరుగుతోనే గడిపింది. అది నాకు చాలా బాధగా ఉంది. ఈసారి ఆమె బయట కూర్చుని, నిశ్చింతగా, కడుపునిండా ఒక్క పూటయినా తినాలి. దారి చెప్పండి.

కిస్టా_పదకొండు · 8 సెప్టెంబర్

స్వాగతం అండీ. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. హోటళ్ళ పేర్ల కంటే ముందు వేళ సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ ఊళ్ళో ఎక్కడ తింటున్నామన్నదాని కంటే ఎప్పుడు తింటున్నామన్నదే ముఖ్యం.

పెద్ద భోజనం మధ్యాహ్నం చేయండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా, సుమారు 11 నుంచి 2 గంటల మధ్య, చాలా రెస్టారెంట్లలో 'దాగెన్స్ లంచ్' ఉంటుంది. అంటే ఆ రోజు భోజనం. గుమ్మం ముందు పలక మీద రెండు మూడు వంటకాలు రాస్తారు. మాంసం ఒకటి, చేప ఒకటి, శాకాహారం ఒకటి ఉండటం మామూలే. ఊరి మధ్యలో ఇప్పుడు మనిషికి సుమారు 130 నుంచి 170 క్రోనాలు. యూరోకి దాదాపు 11 క్రోనాలు వస్తాయి కాబట్టి లెక్క మీకే తెలుస్తుంది. ఆ డబ్బులోనే సలాడ్ మనమే వడ్డించుకోవచ్చు, బ్రెడ్డు, వెన్న, నీళ్ళు, చివర్లో కాఫీ కూడా చాలా చోట్ల కలిసే ఉంటాయి. అదే రెస్టారెంటులో అదే వంటకం రాత్రి ఏడింటికి అడిగితే దాదాపు రెట్టింపు ధర, కాఫీ వేరే, బ్రెడ్డు ఒక్కోసారి వేరే.

ఇక్కడి ఆఫీసు జనం టిఫిన్ బాక్సు తెచ్చుకోకపోతే ఈ లంచే తింటారు. కాబట్టి ఇది టూరిస్టుల కోసం పెట్టింది కాదు, ఊరి వాళ్ళ రోజువారీ అన్నం. నాకు స్వీడన్ మీద ప్రేమ పుట్టింది ఈ బల్లల దగ్గరే.

రాత్రికి తేలిగ్గా సరిపెట్టుకోండి. వంటగది ఉన్న అపార్ట్‌మెంటు తీసుకున్నారా?

ఉల్లికాడ · 8 సెప్టెంబర్

మీ అమ్మగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. నేను కూడా గుడ్డు తినని ఇంట్లో పుట్టినదాన్నే. తొమ్మిదేళ్ళ క్రితం వచ్చిన కొత్తలో నాకు ఎవరూ చెప్పని మాటలు మీకు చెబుతాను, రాసి పెట్టుకోండి.

'వెజిటారిస్క్' అంటే మాంసం, చేప లేనిది. గుడ్డు, పాలు, చీజ్ ఉండొచ్చు. 'వేగాన్‌స్క్' అంటే పాలు కూడా ఉండవు, కాబట్టి గుడ్డు భయం లేదు. గుడ్డుని వాళ్ళూ 'ఎగ్' అనే పలుకుతారు. 'ఉతాన్ ఎగ్' అంటే గుడ్డు లేకుండా. 'లోక్' అంటే ఉల్లి, 'వీట్‌లోక్' అంటే వెల్లుల్లి. మెనూలో 'షొట్' శబ్దంతో ఏ మాట వచ్చినా అది మాంసం. 'నోట్‌షొట్' గొడ్డుమాంసం. 'ఫ్లెస్క్' పంది. 'షిక్‌లింగ్' కోడి. నాన్నగారికి ఆ చివరిదీ, 'ఫిస్క్' అనే మాటా చాలు. ఇంగ్లిష్ అందరికీ బాగా వచ్చు, అడగడానికి మొహమాటపడకండి. పలక మీద స్వీడిష్‌లోనే రాస్తారు కాబట్టి కళ్ళకి ఈ మాటలు అలవాటైతే మంచిది.

అమ్మగారికి నా మొదటి సలహా సోడర్‌మాల్మ్ దీవిలో, కొండ అంచున ఫ్యెల్‌గాతన్ వీధిలో ఉన్న హెర్మాన్స్. అంతా మొక్కల ఆహారమే, బఫే పద్ధతి. అక్కడ ఏ గిన్నె మూత తీసినా భయం లేదు. మన వాళ్ళకి బఫేలో వెతుక్కునే అలసట ఎంతో మీకు తెలుసు కదా, ప్రతి గిన్నె దగ్గరా 'ఇందులో ఏముంది' అని అడుగుతూ. ఇక్కడ అది ఉండదు. కాల్చిన కూరగాయలు, పప్పు దినుసులు, బంగాళాదుంపలు, రకరకాల సలాడ్లు. తోటలో కూర్చుంటే కింద నీళ్ళు, ఎదురుగా యూర్‌గోర్డెన్ దీవి, పాత ఊరి గోపురాలు. రాత్రి కంటే మధ్యాహ్నం ధర తక్కువ. వేళలు ముందురోజు చూసుకోండి.

చేపలపులుసు · 9 సెప్టెంబర్

నాన్నగారి వైపు నేను నిలబడతాను. మాది నెల్లూరు. చేప తినేవాళ్ళకి ఈ ఊరు స్వర్గం అండీ, అయితే ఏ చేప ఎలా వస్తుందో తెలియాలి.

పాత ఊరికీ సోడర్‌మాల్మ్‌కీ మధ్య ఉన్న స్లుస్సెన్ దగ్గర 'నీస్టెక్ట్ స్ట్రొమ్మింగ్' అని బండి ఉంది. పేరుకి అర్థమే 'అప్పుడే వేయించిన స్ట్రొమ్మింగ్'. స్ట్రొమ్మింగ్ అంటే బాల్టిక్ సముద్రపు చిన్న హెర్రింగ్ చేప. అదే జాతి చేపని కల్మార్‌కి ఉత్తరాన పడితే స్ట్రొమ్మింగ్ అంటారు, అవతల పడమటి తీరంలో పడితే 'సిల్' అంటారు. ముల్లు తీసి, రై పిండి అద్ది వెన్నలో వేయిస్తారు. మెత్తగా మెదిపిన బంగాళాదుంప, లింగన్ పండ్ల జామ్, ఉల్లి, కరకరలాడే రొట్టె. నిలబడి తినాలి, చలిలో పొగలు కక్కుతూ ఉంటుంది. మా ఊళ్ళో కవ్వళ్ళు వేయించిన వాసన గుర్తొచ్చి మొదటిసారి నాకు కళ్ళు చెమర్చాయి. పక్కన లింగన్ ఎందుకా అనుకుంటారేమో. మన వాక్కాయ గుర్తు తెచ్చుకోండి, ఆ పులుపే చేప నూనెని కోసేస్తుంది.

రెండోది, హోటొరియెట్ చౌకు కింద ఉన్న మార్కెట్ హాల్లో 'కైసాస్ ఫిస్క్'. చేపల సూప్. రొయ్యలు, ఆల్చిప్పలు, చేప ముక్కలు, పైన ఐయోలి అనే చిక్కటి వెల్లుల్లి సాస్. బ్రెడ్డు, సలాడ్ కలిపే ఇస్తారు, సూప్ ఇంకోసారి పోయించుకోవచ్చు. పన్నెండింటికి వెళ్తే బల్ల దొరకదు. పదకొండున్నరకి వెళ్ళండి.

ఊరవేసిన సిల్ మాత్రం ముందే చెప్పి తినిపించండి. పేరు విని మన చేపల పచ్చడి అనుకుంటారు. అది తియ్యగా, పుల్లగా, చల్లగా ఉంటుంది. ఆవపిండి వేసినదైతే మనకి కాస్త దగ్గర.

ఒక జాగ్రత్త. బాల్టిక్ స్ట్రొమ్మింగ్‌లో డయాక్సిన్ అనే విషపదార్థం ఉంటుందని ఇక్కడి ఆహార శాఖ పిల్లల్నీ, పిల్లలు కనే వయసు ఆడవాళ్ళనీ ఏడాదికి రెండు మూడు సార్లకి మించి తినొద్దంటుంది. నాన్నగారికి ఇబ్బంది లేదు, మీరూ ఒకసారి తింటే ఏం కాదు.

తెనాలి_మ్యూనిక్ · 9 సెప్టెంబర్

చదువుతుంటేనే సగం భయం పోయింది. అపార్ట్‌మెంటు తీసుకున్నాను, చిన్న వంటగది ఉంది. మూడు అనుమానాలు. స్వీడన్ అంటే అందరూ మీట్‌బాల్స్ అంటారు, నాన్న తినొచ్చా? జర్మనీలో ఎప్పుడూ జేబులో నోట్లు ఉంచుకుంటాం, అక్కడ ఎంత మార్చుకోవాలి? నీళ్ళ సీసాకి ఎంత అవుతుంది?

గరిటె · 9 సెప్టెంబర్

ఆరేళ్ళు ఇక్కడి లంచ్ రెస్టారెంట్ల వంటగదుల్లో పనిచేశాను. తేలిక ప్రశ్నలు ముందు.

డబ్బు మార్చుకోవద్దు. చాలా చోట్ల కార్డు తప్ప నోట్లు తీసుకోరు, బండి దగ్గర కూడా. మీ జర్మన్ కార్డు చాలు. మెట్రో గేటు దగ్గరా అదే కార్డు తాకిస్తే టికెట్టు పడుతుంది, 75 నిమిషాలు చెల్లుతుంది. నీళ్ళు కొనొద్దు. కుళాయి నీళ్ళు జగ్గులో పెట్టి ఉంటాయి, డబ్బు లేదు. టిప్పు తప్పనిసరి కాదు.

ఇక మీట్‌బాల్స్, ఇక్కడి మాటలో 'షొట్‌బుల్లర్'. మామూలుగా గొడ్డుమాంసం, పందిమాంసం కలిపిన కైమాతో చేస్తారు. నాన్నగారికి పనికిరావు. సోడర్‌మాల్మ్‌లో 'మీట్‌బాల్స్ ఫర్ ది పీపుల్' అని ఉంది, అక్కడ రకరకాల మాంసాలతో, మాంసం లేకుండా కూడా చేస్తారు. కానీ నేను చెప్పదలచుకున్నది ఉండ గురించి కాదు, పక్కన పోసే గోధుమ రంగు గ్రేవీ గురించి. అది చాలా వంటగదుల్లో గొడ్డుమాంసం ఎముకల రసంతోనో, ఆ రుచి పొడితోనో మొదలవుతుంది. శాకాహార ఉండలు అడిగి, గ్రేవీ సంగతి అడగకపోతే మొదటికే మోసం. అలాగే కూరగాయల సూప్ కోడి రసంతో మొదలవ్వొచ్చు. మీ అమ్మగారికి జరిగింది ఇలాంటిదే.

కాబట్టి 'ఇది వెజిటేరియనా' అని ఒక్క ప్రశ్నతో ఆపకండి. 'గ్రేవీ దేంతో చేశారు? సూప్ రసం దేంతో? గుడ్డు ఉందా? వేయించే నూనె చేపలకీ ఇదేనా?' అని అడగండి. విసుక్కోరు. అలర్జీ ప్రశ్నలకి జవాబు చెప్పడం ఇక్కడ చట్టప్రకారం బాధ్యత, వడ్డించే పిల్లకి తెలియకపోతే లోపలికి వెళ్ళి వంటవాణ్ణి అడిగి వస్తుంది. నేను ఎన్నిసార్లు బయటికొచ్చి చెప్పానో. అడిగినందుకు మేం ఎప్పుడూ బాధపడలేదు, అడగకుండా వదిలేసిన పళ్ళెం తిరిగొస్తేనే బాధ.

పదకొండుంబావుకి వెళ్ళండి. వంటవాడికి తీరిక ఉంటుంది, గిన్నెలు నిండుగా ఉంటాయి. ఒంటిగంటన్నర దాటితే శాకాహారమే ముందు అయిపోతుంది, ఎందుకంటే దాన్ని తక్కువ వండుతారు.

గురువారం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గురువారం లంచ్‌కి బఠాణీ సూప్, పాన్‌కేక్ పెట్టడం ఇక్కడి పాత ఆచారం. పసుపుపచ్చ బఠాణీలు ఉడికి ఉడికి మన పప్పులాగే కనిపిస్తాయి. అందులో పందిమాంసం ఉంటుంది. పాన్‌కేక్‌లో గుడ్డు ఉంటుంది. మీ దసరా గురువారమే కాబట్టి ఆ రోజు బయట లంచ్ పెట్టుకోవద్దు.

మంచుపువ్వు · 10 సెప్టెంబర్

అక్కా, నేను ఇక్కడి ఇంజినీరింగ్ యూనివర్సిటీ కేటీహెచ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. స్టూడెంట్ల దారి కూడా వినండి.

ఫలాఫెల్! శెనగలు నానబెట్టి రుబ్బి వేయించిన వడలు, రొట్టెలో చుట్టి సలాడ్, నువ్వుల సాస్‌తో ఇస్తారు. అమ్మగారికి మసాలా వడ తిన్నట్టే ఉంటుంది. ప్రతి పేటలోనూ దొరుకుతుంది, దాగెన్స్ కంటే చాలా తక్కువ. సాస్ వెల్లుల్లితో చేస్తారు, దసరా రోజు కాకుండా మిగతా రోజుల్లో తినండి.

వీధి చివరి పిజ్జా కొట్లు కూడా బాగుంటాయి. పిజ్జా వచ్చేలోపు క్యాబేజీ సలాడ్ ఉచితంగా ఇస్తారు, సన్నగా తరిగి వెనిగర్, నూనె, మిరియాలు వేసి ఊరబెట్టినది. నాకు అన్నంలో కలుపుకోవాలనిపిస్తుంది. మార్గరీటా, కూరగాయల పిజ్జా అమ్మగారికి సరిపోతాయి. కారం అడిగితే పచ్చిమిరప ఊరగాయ వేస్తారు.

మాక్స్ అని బర్గర్ల గొలుసు దుకాణం ఉంది, 1968లో ఉత్తరాన యెల్లివారెలో మొదలైంది. మాంసం లేని బర్గర్లు చాలా రకాలు, కోడి కూడా ఉంది. రాత్రి ఆకలేస్తే అదే నాకు దిక్కు.

నర్సంపేట_నాగలి · 10 సెప్టెంబర్

అందరూ మంచి మాటలే చెప్పారు. నేను కొంచెం వేరే మాట చెబుతా, ఏమీ అనుకోకండి. మా అమ్మ రెండేళ్ళ కింద వచ్చినప్పుడు నేను ఆమెని ఇలాగే ఊరంతా తిప్పి తినిపించాను. మూడో రోజు రాత్రి 'బిడ్డా, ఇంత అన్నం, చారు దొరకదా' అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ మనసులో ఉంది. అరవై దాటినవాళ్ళకి పూటకో కొత్త రుచి అంటే శిక్షే. వంటగది ఉంది కదా. చిన్న కుక్కర్, కందిపప్పు, చింతపండు, ఆవకాయ పట్టుకురండి. రోజూ రాత్రి పప్పన్నం. బయట తినడం రోజుకి ఒక్కసారే.

ఉల్లికాడ · 10 సెప్టెంబర్

నాగలి గారూ, మీ మాట కాదనను. అయితే మొత్తం ఇంట్లోనే పెడితే ఆ పెద్దావిడ ఊరిని కిటికీలోంచి చూసినట్టవుతుంది. మా అత్తగారు మొదటి రోజు ఏమీ ముట్టలేదు. నాలుగో రోజు యూర్‌గోర్డెన్ దీవిలోని రూసెన్‌డాల్స్ తోటలో ఆపిల్ చెట్టు కింద కూర్చుని, అక్కడి కట్టెల పొయ్యి రొట్టె చించుకుని వెన్నతో తింటూ, 'వీళ్ళకీ వండటం వచ్చే' అంది. ఆ నవ్వు కోసం నేను మూడు రోజుల ఖర్చూ పెట్టొచ్చు అనుకున్నాను.

కిస్టా_పదకొండు · 10 సెప్టెంబర్

ఇద్దరి మాటా కలిపితే సరిపోతుంది. మధ్యాహ్నం బయట, రాత్రి అన్నం. డబ్బు లెక్కకీ అదే మంచిది, పెద్దవాళ్ళ కడుపుకీ అదే మంచిది.

మన రెస్టారెంట్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఊళ్ళో భారతీయ రెస్టారెంట్లు చాలా ఉన్నాయి, చాలావాటిలో లంచ్ బఫే ఉంటుంది. కానీ అక్కడి కూరలు ఉత్తరాది పద్ధతిలో, క్రీము ఎక్కువగా, కారం తక్కువగా, ఇక్కడి నాలుకకి తగ్గట్టు చేస్తారు. నాన్‌తో పప్పు, పాలకూర పనీర్ తినాలనుకుంటే బాగుంటాయి. దోశ, ఇడ్లీ పెట్టే చోట్లు కూడా ఉన్నాయి. ఎరిక్సన్ కంపెనీ ఉన్న కిస్టా వైపు మన వాళ్ళు ఎక్కువ, పప్పులూ మసాలాలూ అమ్మే కొట్లూ ఉన్నాయి. సెంట్రల్ స్టేషన్ నుంచి నీలం లైను 11లో ఇరవై నిమిషాల లోపే. అయినా ఐదు రోజుల కోసం వచ్చి దోశ కోసం కిస్టా దాకా రావాలా అంటే, నా మటుకు వద్దనే అంటాను.

ఉల్లికాడ · 11 సెప్టెంబర్

ఫీకా మాట ఎవరూ ఎత్తకపోతే ఎలా? కాఫీ, పక్కన ఒక తీపి రొట్టె, ఎదురుగా మనిషి. ఆఫీసుల్లో కూడా పని ఆపి కూర్చుంటారు. మన సాయంత్రం కాఫీ వేళకి ఇంత దగ్గరి అలవాటు నేను ఇంకెక్కడా చూడలేదు.

అమ్మగారికి దాల్చినచెక్క బన్ను కంటే యాలకుల బన్ను, 'కార్డెముమ్మ బుల్లె', తినిపించండి. యాలకుల్ని మరీ మెత్తగా కాకుండా బరకగా దంచి వేస్తారు, నోట్లో గింజ తగులుతుంది. మన చక్కెర పొంగలి గిన్నె మూత తీసినప్పటి వాసన. జాగ్రత్త ఏమిటంటే, చాలా చోట్ల పిండిలో గుడ్డు లేకపోయినా పైన మెరుపు కోసం గుడ్డు పూస్తారు. అందుకని వేగన్ బన్ను అడగండి, ఇప్పుడు చాలా బేకరీల్లో పెడుతున్నారు.

మీరు ఉండే శనివారం అక్టోబర్ 4. ఆ రోజు ఇక్కడ దాల్చిన బన్నుల రోజు, 1999 నుంచి జరుపుతున్నారు. ఊరంతా ఆ వాసనే. కుంగ్స్‌గాతన్‌లో వేతె-కాట్టెన్ అని 1928లో ఎస్తెర్ నూర్డ్‌హామ్మర్ అనే ఆవిడ మొదలుపెట్టిన పాత కొండిటోరి, అంటే కేకులూ కాఫీ దొరికే కొట్టు, ఉంది. గది తర్వాత గది, పాత కుర్చీలు, పాత అద్దాలు. అలాంటి చోట్ల కాఫీ రెండోసారి పోసుకోవడాన్ని 'పోతోర్' అంటారు. చాలాచోట్ల దానికి డబ్బు తీసుకోరు.

వరండా_పుస్తకం · 12 సెప్టెంబర్

నాన్నగారు ఫిజిక్స్ మాస్టారు అన్నారు కాబట్టి రెండు చోట్లు.

పాత ఊళ్ళో, అంటే గామ్లా స్తాన్‌లో, నోబెల్ మ్యూజియం లోపల ఒక కెఫే ఉంది. బహుమతి అందుకున్నవాళ్ళు అక్కడి కుర్చీల అడుగున సంతకాలు చేస్తారు. మీరు కూర్చున్న కుర్చీని తిరగేసి చూడండి. ఎవరి సంతకం మీద కూర్చుని కాఫీ తాగారో తెలుస్తుంది. ఆయనకి ఇంతకంటే మంచి కాఫీ ఎక్కడా దొరకదు.

రెండోది దెన్ యిల్డెనె ఫ్రేదెన్. ఓస్టర్‌లోంగ్‌గాతన్ వీధిలో 1722 నుంచి నడుస్తున్న భోజనశాల. చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ దాన్ని కొని స్వీడిష్ అకాడమీకి ఇచ్చాడు. సాహిత్యంలో నోబెల్ ఎవరికివ్వాలో తేల్చే ఆ అకాడమీ సభ్యులు ఇప్పటికీ గురువారాలు అక్కడే భోంచేస్తారు. ధర ఎక్కువ. లోపల తినకపోయినా, నేలమాళిగ కిటికీల్లోంచి కొవ్వొత్తుల వెలుగు చూస్తూ ఆ వీధిలో నడవండి. పాత ఊళ్ళో తినాలనుకుంటే జనం కిటకిటలాడే వెస్టర్‌లోంగ్‌గాతన్ కంటే ఈ వీధే నయం. నా అనుభవంలో రద్దీ వీధిలో ధర ఎక్కువ, శ్రద్ధ తక్కువ.

నోబెల్ విందు వంటకాలే తినాలనుకునేవారికి సిటీ హాల్ కింద ఉన్న స్తాద్స్‌హూస్‌షెల్లారెన్ ఉంది. డిసెంబర్ 10 విందు మెనూ అక్కడ వడ్డిస్తారు. అది మాత్రం జీవితంలో ఒకసారి లాంటి ఖర్చు.

తెనాలి_మ్యూనిక్ · 13 సెప్టెంబర్

నా ప్లాను ఇది. మంగళవారం దిగగానే ఫలాఫెల్. బుధవారం హెర్మాన్స్. గురువారం ఇంట్లో పులిహోర, పొంగలి, మధ్యాహ్నం మ్యూజియం కాఫీ. శుక్రవారం నాన్నకి సూప్, అమ్మకి అక్కడే ఏదో ఒకటి. శనివారం స్లుస్సెన్ బండి, తర్వాత యూర్‌గోర్డెన్ తోట, సాయంత్రం బన్నులు. తప్పులుంటే దిద్దండి.

చేపలపులుసు · 13 సెప్టెంబర్

బాగా కుదిరింది. సూప్ ఆదివారానికి వాయిదా వేయకండి, ఆదివారం ఆ మార్కెట్ హాలు మూసేస్తారు, పైన చౌకులో పాత సామాన్ల సంత మాత్రం ఉంటుంది. శుక్రవారమైతే కూరగాయలు, పూలు అమ్మే సంత చూడొచ్చు. ఆ చౌకు పక్కన నీలం రంగు భవనమే నోబెల్ బహుమతులిచ్చే కచేరీ హాలు, నాన్నగారికి చూపించండి. అదే హాల్లో అమ్మగారికి తూర్పు దేశాల కొట్లు చాలా ఉన్నాయి.

స్లుస్సెన్ నుంచి యూర్‌గోర్డెన్‌కి పడవలో వెళ్ళండి. 82వ నంబరు పడవ, మెట్రో టికెట్టే చెల్లుతుంది.

గరిటె · 13 సెప్టెంబర్

తోట వేళలు శరదృతువులో మారుతుంటాయి, శుక్రవారం రాత్రి చూసుకోండి. శనివారం దాగెన్స్ లంచ్ సాధారణంగా ఉండదు, ఆ రోజు ధర ఎక్కువే అని ముందే లెక్కేసుకోండి.

తెనాలి_మ్యూనిక్ · 7 అక్టోబర్ 2025

వచ్చేశాం. మాట ఇచ్చినట్టు అంతా రాస్తున్నాను.

మంగళవారం విమానం ఆలస్యమైంది. ఊళ్ళోకి వచ్చేసరికి ఒంటిగంట నలభై. ఫలాఫెల్ కొట్టు వెతికే ఓపిక లేక దారిలో కనిపించిన లంచ్ చోటికి వెళ్ళాం. శాకాహారం అయిపోయిందన్నారు. గరిటె గారు చెప్పిన మాటే. అమ్మ 'పరవాలేదమ్మా' అంది, ఆ గొంతు నాకు తెలుసు. బ్రెడ్డు, వెన్న, సలాడ్ తింది. సాయంత్రం ఫలాఫెల్ తెచ్చాను. మొదట ముక్క విరిచి లోపల చూసింది, పచ్చగా కొత్తిమీర కనబడగానే ముఖం విప్పారింది. 'శెనగ వడే కదూ' అని రెండు తింది.

బుధవారం హెర్మాన్స్. ఇది కాస్త వివరంగా రాయాలి. లోపలికి వెళ్ళగానే, 'అమ్మా, ఇక్కడ ఏదైనా తినొచ్చు, ఏదీ అడగక్కర్లేదు' అన్నాను. 'ఏదైనానా' అంది. 'ఏదైనా' అన్నాను. పళ్ళెం పట్టుకుని మొదటి గిన్నె దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆగలేదు. కాల్చిన బీట్‌రూట్, పప్పు కూర, బంగాళాదుంపలు అన్నీ వడ్డించుకుంది. మూడుసార్లు లేచి వెళ్ళింది. పెళ్ళిళ్ళలో తప్ప ఆమె అలా తనకి తాను వడ్డించుకుని తినడం నేను చూడలేదు, ఇంట్లో ఎప్పుడూ మాకు పెట్టాకే తింటుంది. బయట పది డిగ్రీల చలి. అయినా కాఫీ పట్టుకుని తోటలోకి వెళ్ళి నీళ్ళ మీద పడవలు చూస్తూ అరగంట నిలబడింది. ఉల్లికాడ గారూ, మీకు మా అమ్మ తరఫున నమస్కారం. ఆమే రాయమంది.

గురువారం పొద్దున పులిహోర, చక్కెర పొంగలి. బయట బఠాణీ సూప్ పలకలు రెండు మూడు చోట్ల నిజంగానే కనబడ్డాయి. మ్యూజియం కెఫేలో నాన్న తన కుర్చీ తిప్పి చూసి, తర్వాత పక్క బల్ల వాళ్ళని అడిగి వాళ్ళ కుర్చీ కూడా చూశారు. ఒక సంతకం చదవలేకపోయారు, ఫోటో తీసుకున్నారు, ఇంటికొచ్చాక కూడా దాని మీదే ఉన్నారు.

శుక్రవారం సూప్ రెండుసార్లు పోయించుకున్నారు. అమ్మకి అదే హాల్లో అన్నం, వంకాయ కూర దొరికాయి, గరిటె గారి నాలుగు ప్రశ్నలూ అడిగాను. అమ్మాయి లోపలికి వెళ్ళి అడిగి వచ్చి, ఒక సాస్ వద్దని, ఇంకొకటి వేయించి ఇచ్చింది. అమ్మ అది చూసి, 'మన కోసం అంత అడిగిందా' అంది.

శనివారం వేయించిన స్ట్రొమ్మింగ్. నాన్నకి నచ్చింది కానీ ఉప్పూకారం చాలలేదు, జేబులోంచి కారప్పొడి పొట్లం తీశారు. లింగన్ మాత్రం అమ్మకి పిచ్చిగా నచ్చి రెండు సీసాలు కొంది, పచ్చడి పెడుతుందట. వేగన్ యాలకుల బన్ను మూడో బేకరీలో దొరికింది, అందరూ చెప్పినంత బాగుంది.

నర్సంపేట_నాగలి · 7 అక్టోబర్

చదివి సంతోషమైంది. మళ్ళీ మా అమ్మ వస్తే హెర్మాన్స్‌కి తీసుకుపోతా. లింగన్ పచ్చడికి మెంతిపిండి కొంచెం ఎక్కువ వేయమనండి, చేదు పులుపు బాగా కలుస్తాయి.

కొత్తూరు_బస్సు · 9 అక్టోబర్

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. నేను వచ్చే ఫిబ్రవరిలో రెండు వారాలు ఆఫీసు పని మీద వస్తున్నాను. అప్పుడు ప్రత్యేకంగా ఏమైనా దొరుకుతుందా? నేను గుడ్డు తింటాను.

ఉల్లికాడ · 9 అక్టోబర్

సెమ్లా కాలం అండీ. యాలకుల బన్ను పైభాగం కోసి, లోపల బాదం ముద్ద, గిలక్కొట్టిన మీగడ పెట్టి, పైన చక్కెర పొడి చల్లుతారు. కొత్త ఏడాది రాగానే బేకరీల్లో పెడతారు, అసలు రోజు 'ఫెట్‌టీస్దాగ్' మంగళవారం, 2026లో అది ఫిబ్రవరి 17. ఆ రోజు బేకరీల ముందు వరసలు ఉంటాయి, పొద్దున తొమ్మిదికల్లా వెళ్ళండి. అడాల్ఫ్ ఫ్రెడ్రిక్ అనే రాజు 1771లో భారీ విందు చివర దీన్ని వేడి పాలలో వేసుకు తిన్నాడని, ఆ రాత్రే చనిపోయాడని ఇక్కడ పిల్లలక్కూడా తెలుసు. పాలలో వేసి ఇచ్చే పద్ధతి ఇప్పటికీ కొన్ని పాత కొండిటోరిల్లో ఉంది. అడిగి చూడండి, దాల్చిన పొడి పైన చల్లి ఇస్తారు.

కిస్టా_పదకొండు · 9 అక్టోబర్

ఆఫీసు ఏ పేటలోనో రాయండి. దగ్గరి లంచ్ చోట్లు చెబుతాను.